బాలు తొలినాటి సినిమా పాటలు – అభిమానుల తీర్పులు

ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం సినిమాలో పాడిన తొలి పాట ఏది? ఎం.ఏ. తరగతిలో ఒకసారి ఈ ప్రశ్న వేసి, పక్కవాళ్ళను అడక్కుండా కాగితం మీద రాసి ఇమ్మన్నాను. హోసూరు నుంచి వచ్చిన అమ్మాయి ‘అడిమైప్పెణ్’ అని రాసింది. బళ్ళారి అబ్బాయి ‘నాగరహావు’ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. సోలాపూరు విద్యార్థి ‘ఏక్ దూజే కే లియే’ అన్నాడు. బరంపురం విద్యార్థిని ఒక్కతే ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ అని సరిగా రాసింది. అదీ మేనమామ చెప్పగా విన్నదట. యానాం వాళ్ళు ఆ ఏడు ఎవరూ లేరు. ఉన్నా వాళ్ళ మాట వేరు. చుట్టూ గోదావరి జిల్లాయే కనుక వాళ్ళ రేడియో, సినిమాహాలు కోస్తావాళ్ళవే.

మార్కులు వేయవలసి వస్తే బరంపురానికే వేయాలి. చరిత్ర రాయవలసి వస్తే మాత్రం నాలుగు కాగితాలూ దాచుకోవాలి. ఆ గొంతు ఏ ఊరికి ఎప్పుడు, ఏ భాషలో చేరిందో ఒక్కొక్క జవాబూ చెబుతోంది. బాలు తొలి పాటల విలువ గురించి అభిమానుల మధ్య ఉన్న పాత తగాదాకు మూలం కూడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ముందు తేదీలు చూద్దాం. 1964లో మద్రాసులో ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ జరిపిన పాటల పోటీలో బాలుకు మొదటి బహుమతి వచ్చింది. తండ్రి సాంబమూర్తిగారు నెల్లూరులో హరికథలు చెప్పేవారు. కొడుకు ఇంజనీరింగు చదువులో ఉన్నాడు. ఆ పోటీలో అతని పాట విన్న సంగీత దర్శకుడు ఎస్.పి.కోదండపాణి 1966 డిసెంబరు 15న ‘మర్యాద రామన్న’కు పాడించారు. అదీ ఒంటరి పాట కాదు, పి.సుశీల, కల్యాణం రఘురామయ్య, పి.బి.శ్రీనివాస్ గొంతుల మధ్య ఒక గొంతు. సినిమా 1967లో విడుదలయింది. ఆ రికార్డింగు అయిన కొద్ది రోజులకే ఎం.రంగారావు కన్నడంలో ‘నక్కరె అదే స్వర్గ’కు పాడించారు. అంటే రెండో పాటకే బాలు తెలుగు పొలిమేర దాటారన్నమాట.

తమిళంలో దారి ఇంత సులువు కాలేదు. ఎమ్.ఎస్.విశ్వనాథన్ గొంతు మెచ్చుకొని, తమిళ ఉచ్చారణ బాగుచేసుకొని రమ్మని పంపేశారని బాలు స్వయంగా చెప్పుకున్నారు. తరువాత ‘హోటల్ రంభ’కు పాడిన పాట, ఆ సినిమా రాకపోవడంతో జనానికి చేరలేదు. పాడటంలో ‘శాంతి నిలయం’ ముందు, విడుదలలో ‘అడిమైప్పెణ్’ ముందు. రెండూ 1969 మే నెలలోనే వచ్చాయి. ఏది మొదటిదని అరవ అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. వినడానికి సరదాగానే ఉంటుంది.

మాది తమిళనాట నాలుగు తరాలుగా ఉంటున్న కుటుంబం. మా పెదనాన్నగారు ఘంటసాల భక్తులు. ఆయన తీర్పు ఎప్పుడూ ఒకటే: ‘‘1974 దాకా బాలుది నూనూగు మీసాల గొంతురా. ఘంటసాల పోయాకే కుర్రాడికి పాట అబ్బింది.’’ పక్కింట్లో ఒక తమిళ పండితుడు ఉండేవారు. ఆయన మాట దీనికి పూర్తిగా ఎదురు. 1969 నుంచి 1975 దాకా పాడినవే పాటలనీ, తరువాత వచ్చినదంతా నేర్పరితనమేననీ అనేవారు. సాయంత్రాలు మా అరుగు మీద ఇద్దరూ ఇదే పంచాయతీ. ఒకే గొంతు, అవే సంవత్సరాలు. ఒకరికి పిందె, మరొకరికి పండు. బడికి వెళ్ళే వయసులో నాకు అర్థం కానిది ఏమిటంటే, వాళ్ళిద్దరూ ఒకే పాటల్ని గురించి మాట్లాడటం లేదు.

1969నే తీసుకుందాం. ఆ సంవత్సరం కె.వి.మహదేవన్ తెలుగులో ‘ఏకవీర’కు, తమిళంలో ‘అడిమైప్పెణ్’కు సంగీతం చేశారు. ‘ఏకవీర’లో ఎన్.టి.రామారావుకు ఘంటసాల, కాంతారావుకు బాలు కలిసి ఒక పాట పాడారు. ఇరవైమూడేళ్ళ కుర్రవాడికి అది గొప్ప గౌరవమే. కాని వినేవాడి చెవిలో కొలబద్ద ముందే సిద్ధంగా ఉంది. ఘంటసాల పక్కన ఎవరి గొంతయినా పలచనగానే వినిపిస్తుంది. పెద్ద నాయకులిద్దరి పాటలూ అప్పటికి ఎక్కువగా ఘంటసాలవే కనుక కృష్ణవంటి కొత్తవాళ్ళ పాటలు, రెండో నాయకుడి పాటలు, గుంపు పాటలు బాలు వంతుకు వచ్చేవి. ‘అడిమైప్పెణ్’లో ఆయన పాడింది సాక్షాత్తూ ఎంజీఆర్‌కు, సుశీలతో యుగళగీతం. మధ్యలో బాలుకు జ్వరం వస్తే కోలుకునేదాకా ఎంజీఆర్ ఆ పాటను ఆపి ఉంచారు. అక్కడ టి.ఎమ్.సౌందరరాజన్ నీడ చిన్నదేమీ కాదు. అయితే ఆయనది కంచు గొంతు. దానికి ఈ మెత్తని గొంతును పోల్చి చూడాలని ఎవరికీ తోచలేదు. ఇది వేరే సరుకు అనుకున్నారు.

కన్నడంలో ఇంకో కథ. రాజ్‌కుమార్‌కు అప్పటిదాకా గొంతు ఇచ్చిన పి.బి.శ్రీనివాస్ మన కాకినాడవారే. 1972 చివర వచ్చిన ‘నాగరహావు’లో విష్ణువర్ధన్ కొత్త నాయకుడు, అతనికి ఒక పాటలో బాలు గొంతు. మా బళ్ళారి విద్యార్థి కాగితం మీద ప్రశ్నార్థకం ఉన్నా, వాళ్ళ ఇంటి జ్ఞాపకం మాత్రం తప్పు కాదు.

ఇక్కడ భాషాశాస్త్రం చదివే విద్యార్థులు కాసేపు ఆగాలి. విశ్వనాథన్ అన్న ‘ఉచ్చారణ’ అంటే ఏమిటి? అందరూ చెప్పేది ‘ழ’ అక్షరం గురించి. అది కష్టమే గాని, కష్టమని తెలుసు కనుక ఎవరైనా జాగ్రత్త పడతారు. అసలు చిక్కు ఎవరూ పట్టించుకోని చోట ఉంటుంది. తెలుగు అజంత భాష. మన పదాంత ఉకారాన్ని పెదవులు గుండ్రం చేసి నిండుగా పలుకుతాం. తమిళంలో పదాంత ఉకారం చాలాచోట్ల సగమే పలుకుతుంది, పెదవులు కదలవు. తమిళ వ్యాకర్తలు దాన్ని కుట్రియలుగరం అంటారు. తెలుగువాడి తమిళం అక్కడ బయటపడుతుంది. రెండోది లిపి. ఇతర భాషల పాటల్ని తెలుగు లిపిలో రాసుకొని పాడటం మద్రాసు రికార్డింగు థియేటర్లలో మామూలు విషయమే. తమిళంలో క, గ లకు అక్షరం ఒక్కటే. తెలుగులో ఎక్కించుకునేటప్పుడు ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. కాగితం మీదే సగం ఉచ్చారణ నిర్ణయమైపోతుంది. కన్నడంలో ఈ బాధ లేదు. లిపి దాదాపు మనదే, పదాలూ అచ్చులతో ముగుస్తాయి. ‘చాప’, ‘జాము’ అన్నప్పుడు పలికే మన దంత్య చ, జ లు జొరబడకుండా చూసుకుంటే చాలు.

ఇందులో ఒక తమాషా ఉంది. అదే 1969లో మహమ్మద్ రఫీ ‘భలే తమ్ముడు’లో రామారావుకు పాడారు. ఆ తెలుగులోని ఉత్తరాది పలుకును మనవాళ్ళు ముద్దుగానే విన్నారు. తమిళులేమో బాలును చదువుకొని రమ్మన్నారు. ఏది మర్యాదో నేను చెప్పలేను గాని, చదువుకొని వచ్చినవాడు ఆ భాషలో ఎంత కాలం నిలిచాడో అందరికీ తెలుసు. మా పండితుడుగారు తొలి పాటల్లో ఒకటి రెండు చోట్ల ఉకారం గుండ్రంగా ఉందని ఒప్పుకునేవారు. ‘‘అదే కొత్తదనం’’ అని వెంటనే అనేవారు. అభిమానం అంటే అంతే.

ఇక మా పెదనాన్నగారి తీర్పు. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల, అదే సంవత్సరం కోదండపాణి కన్నుమూశారు. తెలుగు వినేవాళ్ళకు అది నిజంగా పెద్ద గీత. 1977 ‘అడవిరాముడు’ నాటికి రామారావు పాట కూడా బాలుదే. ఆ తరువాత ‘శంకరాభరణం’. ఇంత ఎత్తు నుంచి వెనక్కి చూస్తే తొలి పాటలు చిన్నవిగా కనిపించడం సహజం. పెదనాన్నగారు పోయాక ఆయన పెట్టెలో ఒక గీతల పుస్తకం దొరికింది. రేడియోలో విన్న పాటలు సినిమా పేరుతో, తేదీతో రాసుకునే అలవాటు ఆయనకు ఉందని మాకెవరికీ తెలియదు. నచ్చినదానికి పక్కన ఎర్ర పెన్సిలు గీత. 1971, 72 పేజీల్లో ‘చెల్లెలి కాపురం’లో శోభన్‌బాబుకు బాలు పాడిన పాట మూడుసార్లు ఉంది, మూడుసార్లూ ఎర్ర గీత. 1973లో ‘కన్నెవయసు’ పాటకు రెండు గీతలు. ‘నూనూగు మీసాల గొంతు’ అన్న తీర్పు ఆ రోజుల్లో విన్న మనిషిది కాదు, తరువాత జ్ఞాపకం చేసుకున్న మనిషిది. విన్నప్పుడు ఆయనకు నచ్చింది.

అందుకే ఆంధ్రదేశంలో ఎవరైనా మన పిల్లలతో ‘‘మీరు వినేది అరవ బాలును’’ అంటే నాకు మనసు ఒప్పుకోదు. ఒక పెళ్ళిలో మా అమ్మాయిని బంధువులు అలాగే ఎగతాళి చేశారు; అది చిన్నబోయింది. ఇంటికి వచ్చాక ‘ఏకవీర’, ‘అడిమైప్పెణ్’ పాటలు వరసగా వినిపించాను. ‘‘ఇద్దరూ ఒకరేనా నాన్నా?’’ అని అడిగింది. 2020 సెప్టెంబరు 25న చెన్నైలో బాలు పోయిన రోజు మా వీధిలో ఏ ఇంట్లో ఏ భాష పాట మోగుతోందో చూసి ఆ ఇంటి వయసు చెప్పగలిగాను.

ఈ సెలవులకు ఇళ్ళకు వెళ్ళే విద్యార్థులకు ఒక పని. పెద్దవాళ్ళను బాలు తొలి పాటల గురించి అడగండి. అభిప్రాయం చివర అడగండి. ముందు ఏ ఊళ్ళో, ఏ సంవత్సరంలో, రేడియోలోనా, హాల్లోనా, పెళ్ళి మైకులోనా విన్నారో రాసుకోండి. పాత నోటు పుస్తకాలు, ఉత్తరాలు, హాల్లో కొన్న పాటల పుస్తకాలు ఉంటే నకలు తీయించి తీసుకురండి. పేర్లు రాయనక్కరలేదు, ఊరు, సంవత్సరం మాత్రం తప్పక ఉండాలి.