మన లెక్క అడిగిన హెన్రీ ఫాసెట్

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు చరిత్ర వ్యాసం రాస్తానన్నాను. "వంతెనలు కట్టేవాడివి, నీకు చరిత్రెందుకురా?" అని మా బ్యాచ్ వాళ్లు నవ్వారు. కొన్నేళ్ల క్రితం ఉద్యోగరీత్యా ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో ఆరు నెలలున్నాను. ఒక ఆదివారం దగ్గర్లో ఉన్న సాల్స్‌బరీ చర్చి శిఖరం చూడ్డానికి వెళ్లి, అక్కడి మార్కెట్ కూడలిలో ఒక విగ్రహం దగ్గర ఆగాను. అది హెన్రీ ఫాసెట్ విగ్రహం. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. ఆ రాత్రి గదికొచ్చి ఆయన గురించి చదువుతుంటే రెండు సంగతులయ్యాయి. ఆయన మన దేశానికి ఎంత కావలసినవాడో తెలిసింది. మన బడిలో నాతో చదివిన ఒక మిత్రుడు గుర్తొచ్చాడు.

ఫాసెట్ 1833లో సాల్స్‌బరీలోనే పుట్టారు. తండ్రి బట్టల వ్యాపారి, ఆ ఊరికి మేయరుగా కూడా చేశారు. కొడుక్కి లెక్కలంటే ప్రాణం. 1856లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో ఏడో స్థానం తెచ్చుకున్నారు. లాయరవ్వాలి, ఆపైన పార్లమెంటుకు వెళ్లాలి అన్నది ఆయన కోరిక. 1858 సెప్టెంబరు 17న తండ్రితో కలిసి పిట్టల వేటకు వెళ్లారు. తండ్రి పేల్చిన తుపాకి గుళ్లు పొరపాటున కొడుకు కళ్లకు తగిలాయి. రెండు కళ్లూ ఒక్కసారే పోయాయి. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు.

అనుకున్నదేదీ మానకూడదని దెబ్బ తగిలిన పది నిమిషాల్లోనే నిశ్చయించుకున్నానని తర్వాత ఆయన చెప్పుకున్నారు. తన చేతులతో కొడుకు చూపు పోగొట్టానని తండ్రి కుమిలిపోయేవారు. ఆయన్ని ఓదార్చడానికే ఫాసెట్ ఎప్పుడూ ఉత్సాహంగా ఉండేవారట. స్నేహితులు చదివి వినిపిస్తుంటే అర్థశాస్త్రం నేర్చుకుని, 1863లో పాఠ్యగ్రంథం రాశారు. అదే ఏడాది కేంబ్రిడ్జిలో అర్థశాస్త్ర ప్రొఫెసరయ్యారు. గుర్రపు స్వారీ, చేపల వేట వదల్లేదు. చలికాలంలో గడ్డకట్టిన నీళ్ల మీద స్నేహితులతో కలిసి మైళ్ల కొద్దీ స్కేటింగ్ చేసేవారు. చూపులేనివాళ్లను విడిగా ఒక మూల ఉంచకండి, నలుగురితోపాటు నలుగురిలాగే బతకనివ్వండి అన్నది ఆయన జీవితాంతం చెప్పిన మాట.

ఇక్కడే నా మిత్రుడు గుర్తొచ్చాడు. మా తరగతిలో చూపు బాగా తక్కువగా ఉన్న అబ్బాయి ఒకడుండేవాడు. పేరు రాయను, మా బ్యాచ్ వాళ్లకు తెలుసు. నోటి లెక్కల్లో వాణ్ని మించినవాడు లేడు. పంతొమ్మిదో ఎక్కం వెనకనుంచి అప్పజెప్పేవాడు. ఆటల పీరియడ్‌లో మాత్రం వాణ్ని వేపచెట్టు కింద మా సంచుల దగ్గర కాపలా కూర్చోబెట్టేవాళ్లం. దెబ్బ తగుల్తుందని మా భయం. అదే మంచితనం అనుకున్నాం. "ఆడతావా?" అని ఒక్కసారైనా అడగలేదు. ఎనిమిదో తరగతితో వాడు బడి మానేశాడు.

ఫాసెట్ దగ్గరికి వద్దాం. చూపులేనివాడు పార్లమెంటులో ఏం చేస్తాడని ఓటర్లకు అనుమానం. మూడుసార్లు ప్రయత్నించి విఫలమయ్యాక 1865లో బ్రైటన్ నుంచి లిబరల్ సభ్యుడిగా గెలిచారు. రెండేళ్లకు మిలిసెంట్ గారెట్‌ను పెళ్లి చేసుకున్నారు. ఇంగ్లండులో స్త్రీల ఓటు హక్కు ఉద్యమానికి తర్వాత నాయకత్వం వహించింది ఆవిడే.

ఆ 1867లోనే తుర్కీ సుల్తాను లండన్‌కు వచ్చాడు. ఆయన గౌరవార్థం ఇండియా ఆఫీసులో బాల్ డాన్సుతో పెద్ద వేడుక చేశారు. ఆ ఖర్చు భారతదేశపు ఖజానా మీద వేశారు. ముందటేడే ఒరిస్సాలోనూ, మన పక్కనున్న గంజాంలోనూ కరువు వచ్చి జనం అల్లాడిపోయారు. అక్కడ దొరలు డాన్సు చేస్తే ఇక్కడి రైతు కట్టిన శిస్తులోంచి బిల్లు చెల్లించారన్నమాట. ఇదేం న్యాయమని పార్లమెంటులో లేచి అడిగినవారు ఫాసెట్. అబిసీనియా యుద్ధానికి మన సైనికులను పంపి, వాళ్ల జీతాల భారం మన ఖజానా మీదే ఉంచినప్పుడూ అడిగారు. 1875లో యువరాజు మనదేశానికి విహారయాత్రకు వస్తూ ఖర్చులో కొంత మన మీద వేసినప్పుడూ అడిగారు.

ఆ రోజుల్లో భారతదేశపు బడ్జెట్ సమావేశాల ఆఖర్లో, దాదాపు ఖాళీ సభలో చర్చకు వచ్చేది. అందులో మన ఓటు లేదు, మాట లేదు. ఫాసెట్ ఆ అంకెలన్నీ చదివించుకుని, మనసులో పెట్టుకుని, కాగితం లేకుండా మాట్లాడేవారు. నేను పాతికేళ్లకు పైగా అంచనాలు, బిల్లులు చూస్తున్నవాణ్ని. కాల్‌క్యులేటర్ ఎదురుగా ఉన్నా ఒక్కోసారి మొత్తం తప్పు పడుతుంది. అందుకే ఈ సంగతి నాకు పెద్దదిగా అనిపించింది. 1871 నుంచి మన ఆర్థిక వ్యవహారాలపై విచారణ జరిపిన పార్లమెంటు కమిటీలో ఆయనొక సభ్యుడు. దాదాభాయి నౌరోజీ 1873లో సాక్ష్యం చెప్పింది ఆ కమిటీ ముందే.

1868లో ఆయన పెట్టిన ఒక తీర్మానం మనవాళ్లకు మరీ దగ్గరిది. సివిల్ సర్వీసు పరీక్ష లండన్‌లో మాత్రమే జరిగేది. దాన్ని కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో కూడా ఒకేసారి పెట్టమన్నారు. మద్రాసులో పెట్టి ఉంటే మన తెలుగు కుర్రాళ్లు సముద్రం దాటకుండానే రాసేవారు. తీర్మానం నెగ్గలేదు. ఆ పరీక్ష మన గడ్డ మీద జరగడానికి 1922 దాకా ఆగాల్సి వచ్చింది.

1874లో ఆయన బ్రైటన్‌లో ఓడిపోయారు. ఆ వార్త తెలిసి మనదేశంలో చందాలు పోగుచేసి, మళ్లీ నిలబడటానికి అయ్యే ఖర్చు కోసం పంపారు. అదే ఏడాది హాక్నీ నుంచి గెలిచారు. అప్పటికే ఆయన్ని అక్కడ 'ఇండియా సభ్యుడు' అని పిలిచేవారు.

1880లో గ్లాడ్‌స్టన్ ఆయన్ని పోస్ట్‌మాస్టర్ జనరల్‌ను చేశారు కానీ క్యాబినెట్‌లోకి తీసుకోలేదు. అయినా ఆ నాలుగేళ్లలో పోస్టల్ ఆర్డర్లు, పార్సిల్ పోస్టు వచ్చాయి. పేదవాళ్లు పెన్నీ స్టాంపులు ఒక్కొక్కటే కాగితానికి అంటించుకుంటూ, పన్నెండు కాగానే పొదుపు ఖాతాలో వేసుకునే ఏర్పాటు చేశారు. తపాలా శాఖలో ఆడవాళ్లకు ఉద్యోగాలు పెంచారు. 1884 నవంబరు 6న, 51 ఏళ్లకే, కేంబ్రిడ్జిలో కన్నుమూశారు.

ఆయన్ని దేవుణ్ని చేయడం నా ఉద్దేశం కాదు. మనకు స్వరాజ్యం ఇవ్వాలని ఆయన అనలేదు. ఇంగ్లీషు పాలన ఉండాలనే అనుకున్నారు. ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ల పని గంటలకు చట్టం హద్దు పెడతానంటే, అది వాళ్ల స్వేచ్ఛకు అడ్డని వ్యతిరేకించారు. అందులో ఆయనతో నేను ఏకీభవించను. కానీ ఒక విషయంలో ఆయనకు నమస్కరిస్తాను. తనమీద ఎవరూ జాలిపడటానికి ఒప్పుకోని మనిషి, మనమీద కూడా జాలి చూపించి ఊరుకోలేదు. డబ్బు ఎవరిది, ఖర్చు ఎవరిది అని లెక్క అడిగారు. జాలిపడితే మనం కిందే ఉండిపోతాం. లెక్క అడిగినప్పుడు మనల్ని మనుషులుగా చూసినట్టు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆ మిత్రుడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాడు. గొంతు వినగానే గుర్తుపట్టాడు. వేపచెట్టు సంగతి ఎత్తి, తప్పు చేశాంరా అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వి, "మీ సంచులు ఒక్కటీ పోలేదు కదరా" అన్నాడు. ఈలోగా ఎవరో సరుకులకు వచ్చారు. పద్నాలుగు వస్తువుల ధరలు నోటితోనే కూడి మొత్తం చెప్పేశాడు. నేను ఫోన్‌లో కూడి చూశాను. సరిగ్గా ఉంది.

స్వర్ణోత్సవానికి వాడు వస్తున్నాడు. సంఘం పెద్దలకు ఒక మనవి. వాడికి శాలువా కప్పి ముందు వరుసలో కూర్చోబెట్టి ఊరుకోకండి. చందాల జమాఖర్చులు చూసే కమిటీలో వేయండి. మేమెవరమైనా పద్దులు చదివి వినిపిస్తాం. తప్పుంటే వాడు పట్టుకుంటాడు.