సౌర కణాల తుఫాను: వ్యోమగాములకు, ఉపగ్రహాలకు ముప్పు

సూర్యుడి నుంచి వెలుగు, వేడి మాత్రమే రావు. అక్కడ భారీ పేలుళ్లు జరిగినప్పుడు ప్రోటాన్లు మహావేగంతో అంతరిక్షంలోకి దూసుకొస్తాయి. వెలుగు మనల్ని చేరడానికి 8 నిమిషాలకు పైగా పడుతుంది. ఈ కణాల్లో బాగా వేగమైనవి పదుల నిమిషాల్లోనే వచ్చేస్తాయి. జాగ్రత్తపడటానికి దొరికే వ్యవధి అంతే.

నేల మీది మనకు భూమి అయస్కాంత క్షేత్రం, దట్టమైన గాలి అడ్డుగా ఉన్నాయి. చంద్రుడి మీద ఆ రక్షణ లేదు. 1972లో అపోలో 16 ఏప్రిల్‌లో తిరిగొచ్చింది, అపోలో 17 డిసెంబరులో బయలుదేరింది. ఘోరమైన సౌర తుఫాను సరిగ్గా మధ్యలో, ఆగస్టులో వచ్చింది. దీన్ని మేము అదృష్టమనే అంటాం. ఆ వేళ ఎవరైనా స్పేస్‌సూట్‌తో చంద్రుడి మీద నడుస్తూ ఉంటే వాంతులు, రక్తకణాలు పడిపోవడం వంటి రేడియేషన్ జబ్బు తప్పేది కాదు.

యంత్రాలకూ బాధే. కణం చిప్‌లోకి దూరితే మెమరీలో సున్నా ఒకటి అవుతుంది, ఒకటి సున్నా అవుతుంది. సోలార్ పలకల శక్తి తగ్గుతుంది. 2003 అక్టోబరు తుఫానులో అంగారకుడి చుట్టూ తిరుగుతున్న మార్స్ ఒడిస్సీలో, విచిత్రంగా, రేడియేషన్‌ను కొలిచే పరికరమే పనిచేయడం మానేసింది. అప్పుడే అంతరిక్ష కేంద్రంలోని ఇద్దరు వ్యోమగాములు గోడలు కాస్త మందంగా ఉన్న రష్యా విభాగం జ్వెజ్దాలో తలదాచుకున్నారు. బరువుకు బరువు చూస్తే ఈ కణాలను ఆపడంలో సీసం కంటే నీళ్లు, పాలిథిన్ మేలు.

2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 ఇప్పుడు భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. అందులోని ఆస్పెక్స్ అనే పరికరం పని ఈ కణాలను లెక్కించడమే.