కెన్నెట్-ఏవన్ కాలువపై బాత్ నగరానికి

గోదావరి డెల్టాలో పెరిగినవారికి కాలువ, లాకు, పడవ కొత్త మాటలు కావు. ఆ మూడూ ఇంగ్లాండులో ఈనాటికీ ఎలా నిలిచి ఉన్నాయో అక్కడికి వెళ్ళినప్పుడు చూశాను. ఆ వివరాలు మన సభ్యులకు ఆసక్తికరంగా ఉంటాయని రాస్తున్నాను.

బ్రిస్టల్, లండన్ నగరాలను జలమార్గంతో కలపాలని జాన్ రెన్నీ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో 1794లో తలపెట్టిన కెన్నెట్-ఏవన్ కాలువ 1810లో పూర్తయింది. పొడవు 87 మైళ్ళు. బ్రాడ్‌ఫర్డ్-ఆన్-ఏవన్ అనే ఊళ్ళో ఉదయం నేరోబోటు ఎక్కాము. ఏడడుగులైనా లేని వెడల్పు, రైలుపెట్టె లాంటి పొడవు. గంటకు నాలుగు మైళ్ళు దాటకూడదని నిబంధన. ఒకప్పుడు గుర్రాలు పడవలు లాగిన గట్టు మీద ఇప్పుడు జనం షికారు చేస్తున్నారు.

దారిలో డండస్ అక్విడక్టు వచ్చింది. మన కోనసీమలో గన్నవరం అక్విడక్టు వైనతేయను దాటించినట్లే, ఇది కాలువను ఏవన్ నది మీదుగా దాటిస్తుంది. ఇంకొంచెం ముందుకు వెళితే క్లావర్టన్ పంపుహౌసు. నది ప్రవాహమే చక్రాన్ని తిప్పి, ఆ నది నీటినే 48 అడుగులు పైనున్న కాలువలోకి ఎక్కించేలా 1813లో అమర్చారు. బొగ్గు ఖర్చు లేదు!

బాత్ చేరాక ఆరు లాకులు దిగితే ఏవన్ నది. అందులో ఒకటి 19 అడుగులకు పైగా లోతు. పడవ మెల్లగా కిందికి దిగుతుంటే బావిలోకి పోతున్నట్లే అనిపించింది.

బాత్‌లో భూమిలోంచి రోజుకు 11 లక్షల లీటర్లకు పైగా వేడినీరు ఉబికి వస్తుంది. ఉష్ణోగ్రత 46 డిగ్రీలు. సుమారు 1,900 ఏళ్ళ క్రితం రోమనులు అక్కడ దేవాలయం, స్నానఘట్టాలు కట్టారు. స్నానానికి వచ్చి బట్టలు పోగొట్టుకున్నవారు దొంగను శిక్షించమని దేవతకు సీసపు రేకులపై రాసుకున్న అర్జీలు కూడా దొరికాయి. 1774లో పూర్తయిన పుల్టెనీ వంతెనకు రెండు పక్కలా దుకాణాలున్నాయి. 1987లో యునెస్కో ఈ నగరాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఇంత చక్కని కాలువా ఒకప్పుడు చావుకు దగ్గరైంది. 1852లో రైల్వే కంపెనీ చేతికి వెళ్ళాక రవాణా క్షీణించింది. 1950ల నాటికి లాకులు శిథిలమై, కాలువ పూర్తిగా మూతపడే స్థితి వచ్చింది. అప్పుడు ప్రజలు కదిలారు. వేల సంతకాలతో మహజరు సమర్పించారు. 1962లో ట్రస్టు ఏర్పరచి, చందాలు పోగుచేసి, స్వయంగా పూడిక తీశారు. 1990లో ఎలిజబెత్ రాణి కాలువను తిరిగి ప్రారంభించారు. మాకు లాకు గేట్లు తెరవడంలో సాయపడిన ఇద్దరూ జీతం లేకుండా పనిచేస్తున్న పింఛనుదారులే.

సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టతో పాటు పడవలు నడిచే కాలువలనూ మనకు ఇచ్చాడు. రోడ్లు, రైళ్ళు వచ్చాక వాటిలో పడవలు తగ్గిపోయాయి. కాకినాడ-పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణా నదుల్లో కొన్ని భాగాలను కలిపి 2008లో నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ప్రకటన కాగితం మీద ఉంటే చాలదు. లాకులు, పడవలు ఎరిగిన తరం మనది. మన ఊరి కాలువలో పూడిక, గుర్రపుడెక్క పేరుకుంటే అర్జీ పెట్టడానికి, నలుగురిని కూడగట్టడానికి మనకు తీరిక ఉంది, అనుభవమూ ఉంది.