మిథ్యాయంత్రాలకు హద్దులు

ఒకే కంప్యూటర్‌ను పదిమందికి పది కంప్యూటర్లుగా పంచవచ్చునా? పంచవచ్చు. సాఫ్ట్‌వేర్ సృష్టించే ఇలాంటి మిథ్యాయంత్రాన్నే వర్చువల్ మెషీన్ అంటారు. 1960 దశకంలోనే ఐబిఎం సంస్థ దీన్ని సాధించింది. అయితే ఒకరే యంత్రబలమంతా వాడేసుకుంటే తక్కినవారి గతేమిటి? అందుకే వనరులపై పూర్తి అదుపు పర్యవేక్షక ప్రోగ్రాముకే ఉండాలని 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞులు సూత్రీకరించారు.

2007లో లినక్స్‌లో 'కెవిఎం' చేరింది. దీనివల్ల ప్రతి మిథ్యాయంత్రమూ లినక్స్‌కు ఒక మామూలు ప్రాసెస్‌గానే కనబడుతుంది. మరి దాన్ని అదుపుచేయడమెలా? గూగుల్ ఇంజనీర్లు 2006లో ప్రారంభించిన 'సీగ్రూప్స్' 2008 జనవరిలో లినక్స్‌లోకి వచ్చింది. ప్రాసెస్‌లను గుంపులుచేసి, గుంపుకింత అని వంతు వేయడమే దీని పని.

మొదట ప్రాసెసర్ కాలానికి వాటాలు ఏర్పడ్డాయి. కాని వాటా పోటీ ఉన్నప్పుడే పనిచేస్తుంది. పొరుగువారు ఊరకుంటే ఎంతైనా వాడుకోవచ్చు. 2012లో గరిష్ఠ పరిమితి కూడా వచ్చింది. ప్రతి 100 మిల్లీసెకన్లలో 50 మాత్రమే అంటే అర ప్రాసెసర్ అన్నమాట. ఆ వంతు అయిపోతే, మళ్లీ వంతు వచ్చేదాకా ఆగాలి.

మెమరీ సంగతి వేరు. దానికి 2008 ఏప్రిల్‌లోనే పరిమితి వచ్చింది. హద్దు చేరితే లినక్స్ ముందు కొంత మెమరీని ఖాళీ చేయించ చూస్తుంది. కుదరకపోతే ప్రాసెస్‌నే ఆపేస్తుంది. మిథ్యాయంత్రానికి అది హఠాత్తుగా కరెంటు పోవడంతో సమానం!

ఇప్పుడు ఆలోచించండి: 4 గిగాబైట్ల మిథ్యాయంత్రానికి సరిగ్గా 4 గిగాబైట్ల హద్దు చాలునా? చాలదు. దాన్ని నడిపే ప్రోగ్రాముకూ కొంత మెమరీ కావాలి. ఆ కాస్తా లెక్కలో మరిస్తే, తన వాటా దాటని యంత్రమే బలైపోతుంది.