కడలిగర్భమున బావులు



మన పులివెందుల ప్రాంతమున చీనీతోట నాటిన రైతునకు బోరుబావి వలని సుఖదుఃఖములు రెండును తెలియును. తొలినాళ్ళలో నీటిధార బలముగా దుముకును. కొన్నియేండ్లకు ధార సన్నగిల్లును, నీటితో ఇసుక వచ్చును, మోటారు పాడగును. భూమిలోపలి నిలువ యెంతయో అప్పుడు గాని మనకు తెలిసిరాదు. ఇట్టి కథయే మన తూర్పుసముద్రమున, చమురు వాయువుల విషయమున, మిక్కిలి పెద్దయెత్తున జరిగినది. దానిని నేడు మనవి చేసెదను.

కృష్ణా గోదావరులు యుగయుగములుగా మోసికొనివచ్చిన ఒండ్రు సముద్రము క్రింద పొరలుపొరలుగా పేరుకొన్నది. ఆ పొరలలో చమురును, సహజవాయువును గలవు. అవి చెరువునీటివలె ఒకచోట నిలిచి యుండవు. తడియిసుకలో నీరున్నట్లు రాతిసందులలో ఇమిడి యుండును. వానిని పైకి నెట్టునది భూగర్భమందలి ఒత్తిడి. తోడినకొలది ఆ ఒత్తిడి తగ్గును. చమురుబావుల కష్టములలో పెక్కింటికి మూల మిదియే.

కోనసీమలో సూరసాని యానాము తీరమున కెదురుగా, లోతు తక్కువయైన సముద్రమున, రవ్వ యను క్షేత్రము గలదు. చమురు సహజవాయు కమిషను వారు దానిని 1987లో కనుగొనిరి. 1993లో ఉత్పత్తి యారంభమయ్యెను. మరుసటి యేట అది ఒడంబడికపై ప్రయివేటు సంస్థలతో కూడిన సమష్టినిర్వహణలోనికి వచ్చెను. ఒత్తిడి తగ్గకుండుటకై అచ్చట నీటిని తిరిగి భూగర్భమునకు ఎక్కించిరి. సముద్రజలమును ఇట్లు వాడునప్పుడు వడగట్టి, గొట్టములు తుప్పుపట్టకుండ అందలి ప్రాణవాయువును తీసివేసి, పొరలోనికి పంపుదురు. ఆ నీరు చమురును బావులవైపు నెట్టును. ధార బరువెక్కి పైకి రాలేనప్పుడు బావిలోనికి వాయువును పంపి దానిని తేలికపరతురు. ఇట్టి పోషణ వలన రవ్వక్షేత్రము దినమునకు 50,000 బ్యారెళ్ళ చొప్పున తొమ్మిదేండ్లకు పైగా చమురు నొసగెను. పిదప వయసు మీరినకొలది తగ్గుచు వచ్చెను. ముసలితనమును తప్పింప నెవ్వరితరము? దానిని కొంత వెనుకకు నెట్టగలిగిరి, అంతియే.

ఇక రెండవ కథ. కాకినాడ కెదురుగా లోతైన సముద్రమున, డి-6 అను ఖండమునందు, రిలయన్సు సంస్థవారు 2002లో గొప్ప వాయునిక్షేపమును కనుగొనిరి. 2009 ఏప్రిలులో వాయువు గాడిమొగ తీరమునకు చేరెను. దినమునకు 8 కోట్ల ఘనమీటర్లు వచ్చునని యెంచిరి. 2010లో 6 కోట్లు దాటెను, అదియే శిఖరము. ఒత్తిడి పడిపోయెను, క్రిందినీరు బావులలోనికి ఎగబ్రాకెను, ఇసుక చొచ్చెను. ఒక్కొక్క బావియే మూతపడెను. 2013 నాటికి ఉత్పత్తి 2 కోట్లకు లోబడెను. నిలువల అంచనాను మునుపటి దానిలో మూడవవంతుకంటె తక్కువకు దించిరి. ఈ వాయువును నమ్మి గోదావరిసీమలో కట్టిన విద్యుత్కేంద్రములు పని లేక నిలిచిపోయెను. వానికై తెచ్చిన అప్పులు మాత్రము నిలువలేదు.

అనుకొన్నన్ని బావులు త్రవ్వకపోవుటయే దోషమని ప్రభుత్వము పలికెను. భూగర్భమే అనుకొన్నట్లు లేదని సంస్థ బదులు చెప్పెను. వివాదము మధ్యవర్తుల యెదుటికి పోయెను. మొదటి క్షేత్రము 2020 ఫిబ్రవరిలో ఆగిపోయెను. అయినను కథ ముగియలేదు. ఆ ఖండముననే మరింత లోతున నున్న వేరు నిక్షేపములనుండి ఆ యేటి డిసెంబరులోనే వాయువు రాసాగెను.

ఈ రెండు క్షేత్రములును ఒక్క తీరుగావు. ఒకటి ముఖ్యముగా చమురుది, రెండవది వాయువుది. ఒకదాని ఉపాయము రెండవదానికి ఉన్నదున్నట్లు పనికిరాదు. కాని రెండింట తెలియున దొక్కటే. కంటికి కనబడని నిలువపై ఆశలు కట్టుకొనువాడు అంచనాను ఆస్తిగా నెంచరాదు. బావి చెప్పుమాటను దినదినము వినవలెను.

చమురు ఊరుటకు కోట్ల యేండ్లు పట్టును. తీసిన చమురు మరల రాదు. మన బోరునీరు అట్టిది కాదు; వాననీరు నిలిపి యింకించినచో కొంతయైనను తిరిగివచ్చును. రవ్వలో ఎంతో వ్యయపడి సముద్రగర్భమున చేసిన పనిని మన చేనిగట్టున ఒక గుంటతో మొదలిడవచ్చును. అదియు చేయక, నూరడుగులు చాలనిచో మరి నూరడుగులు త్రవ్వుచు పోయినచో, మన మనుమల కేమి మిగులును?