2040కి ఇప్పటికే పుట్టేసినవాళ్ళు

అక్టోబరు మొదటి వారం. నైజర్ దేశానికి దక్షిణాన, మరాది పట్టణం దాటాక ఇసుకదారి పట్టుకుని వెళ్తే వచ్చే ఒక హౌసా పల్లె. పొద్దు పొడవకముందే దంపుడు చప్పుడుకు మీకు మెలకువ వస్తుంది. ఒకే రోలు, మూడు రోకళ్ళు. తల్లీ ఇద్దరు పెద్ద కూతుళ్ళూ వరసగా పోటు వేస్తున్నారు. ఒకటి లేస్తుంటే ఒకటి పడుతుంది, పొరపాటున కూడా ఒకదానికొకటి తగలవు. ఉన్నట్టుండి ఓ పిల్ల రోకలిని గాల్లోకి వదిలి, చప్పట్లు చరిచి, మళ్ళీ పట్టుకుంటుంది. దంచుతున్నవి సజ్జలే. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కి ఇక్కడి రాజధాని నియామే దగ్గర, సదోరేలో ఒక కేంద్రం ఉంది. ఆ చుట్టరికం చాలావరకు ఈ గింజ వల్ల వచ్చిందే.

రోలు పక్కన మూడో పిల్ల పొట్టు చెరుగుతోంది. ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో ఉంటాయి. వీపున తమ్ముడు నిద్రపోతున్నాడు. ఆమె చెరుగుడు ఊపే వాడికి ఉయ్యాల.

ఈ పిల్లను ఇంకాస్త చూడండి. 2040లో నైజర్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ ఆడవాళ్ళలో ఎందరు బడి ముఖం చూడనివాళ్ళు ఉంటారు? ఇలాంటి లెక్క కట్టే జనాభా శాస్త్రవేత్తలు వియన్నాలో ఉన్నారు. విట్గెన్‌స్టైన్ కేంద్రం వాళ్ళది. వాళ్ళు చెప్పేది జోస్యం కాదు. ఇప్పుడున్న మనుషులను వయసు, ఆడా మగా, చదువు అనే గళ్ళలో సర్ది, ఐదేసి ఏళ్ళు ముందుకు జరుపుతూ పోతారు. వయసు గడి మారుతూనే ఉంటుంది. చదువు గడి మాత్రం, చిన్నప్పుడు బడి మొహమే చూడనివాళ్ళకు దాదాపు చచ్చేదాకా మారదు. అందుకే 2040 నాటి ఆ ఆడవాళ్ళు ఎక్కడో భవిష్యత్తులో లేరు. పుట్టేశారు. ఒకరు మీ ఎదుటే పొట్టు చెరుగుతున్నారు.

ఆ పక్కన పెద్దక్కల గడి తేలిపోయింది. 2012 సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో పదికి ఎనిమిది మంది బడికి వెళ్ళనివాళ్ళే. శాతం తగ్గుతోందనే మాట నిజమే. కానీ శాతం చూసి సంతోషించేవాళ్ళు తలలు కూడా లెక్కపెట్టాలి. 1960లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ దేశ జనాభా 34 లక్షలకు అటూఇటూ. 2012 జనగణన నాటికి కోటీ 71 లక్షలు. ఆ సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున 7.6 మంది పిల్లలు. ఊరికే ఊహించండి: వందమంది పడుచుపిల్లల్లో డెబ్బై మంది బడికి వెళ్ళనివాళ్ళు. ఇరవై ఏళ్ళలో ఆ వంద రెండు వందలై, బడికి వెళ్ళనివాళ్ళు నలభై శాతానికి దిగారు. కాగితం మీద ఘనవిజయం. లెక్కపెడితే ఎనభై మంది.

ఎండెక్కేలోపు బడి వైపు నడుద్దాం రండి. దారిలో ఒక గోడవారన పిల్లలు గుంపుగా కూర్చుని ఖురాన్ వల్లిస్తున్నారు. ఒడిలో చెక్కపలకలు, మసితో చేసిన సిరా, రెల్లుపుల్ల కలాలు. ఒకమ్మాయి పలక కడిగి ఎండలో ఆరబెడుతోంది. కడిగినా పాత అక్షరాలు నీడలా కనిపిస్తూనే ఉన్నాయి. ఆమెకు కొన్ని సూరాలు కంఠతా వచ్చు. వియన్నా పట్టికకు మాత్రం అది చదువు కాదు, బడి చదువు ఒక్కటే లెక్క. ఆ పట్టికను నేను తప్పుపట్టను, ఎక్కడో ఓ చోట గీత గీయాలి కదా. కానీ ఆ గీతకు ఇవతల ఉన్నదంతా ఖాళీ అనుకుంటే మనం మోసపోతాం.

బడి చేరాం. ఒక సిమెంటు గది, దాని పక్కన ఇసుకలో పాతిన నాలుగు గుంజలు. మిగతా గదులేవీ? కోతలు ఇంకా పూర్తికాలేదు. సజ్జ దంటు ఇళ్ళకు చేరాకే దాంతో తడికలల్లి, కప్పు వేసి, తరగతులు లేపుతారు. వానాకాలం వస్తే అవి పోతాయి, మళ్ళీ అక్టోబరులో మొదలు. ఈ దంటుగదులు అంటుకుంటే ఆర్పే వ్యవధి ఉండదు. 2021 ఏప్రిల్‌లో నియామేలో ఇరవై మంది, అదే నవంబరులో మరాదిలో ఇరవై ఆరుగురు పసివాళ్ళు ఇలాంటి బడుల్లోనే కాలిపోయారు. పిల్లను పంపను అన్న తండ్రిని మొండివాడనే ముందు ఇది గుర్తుండాలి.

వేపచెట్టు కింద పంతులు హాజరుపుస్తకం తెరిచి కూర్చున్నాడు. అందరూ ఆయన్ని ‘మాలమ్’ అంటారు, హౌసాలో గురువుగారని. ఇందాకటి పిల్ల తండ్రి వచ్చి, కుశలాలన్నీ అయ్యాక, నెమ్మదిగా విషయానికొస్తాడు.

“ఆరేళ్ళవాణ్ణి రాసుకో, మాలమ్. వాడి అక్కను ఇప్పుడే కాదు. అది బడికొస్తే చంటివాణ్ణి ఎవరెత్తుకుంటారు?”

“ఇద్దర్నీ రాస్తాను.”

“రాస్తావు సరే. ఆరేళ్ళు చదివాక?”

పంతులు వెంటనే మాట్లాడడు. ఆరేళ్ళ తర్వాత చదువంటే కొలేజ్, అంటే పై తరగతుల బడి, అది ఇంకో ఊళ్ళో. పిల్లను ఎవరింట్లోనో పెట్టాలి, అక్కడ అంట్లు తోమేది ఆ పిల్లే. మహమ్మద్ బజూమ్, ఒకప్పటి పంతులే, 2021లో దేశాధ్యక్షుడయ్యాక ఆడపిల్లలకు హాస్టళ్ళు కట్టిస్తానన్నాడు. 2023 జులైలో సైన్యం ఆయన్ని దించేసింది. పెళ్ళికి చట్టం పెట్టిన వయసు ఆడపిల్లకు పదిహేను. నూటికి డెబ్బై ఆరుగురికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిందని అదే 2012 సర్వే మాట. ఈ తండ్రి ఇంట్లో, దంచుతున్న పెద్దపిల్ల కోసం ఎనామెల్ గిన్నెలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. పెళ్ళినాడు ఆ దొంతర ఎంత ఎత్తుంటే తల్లికి అంత పరువు. తల్లి వాటిని సంతలో ఒక్కొక్కటిగా కొంటూ వస్తోంది.

“ఆరేళ్ళ సంగతి ఆరేళ్ళకి. చంటివాణ్ణి కూడా తెచ్చుకోమను, వెనక వరసలో కూర్చుంటుంది,” అంటాడు పంతులు.

“కోతలయ్యాక చూద్దాం, మాలమ్.”

“కోతలయ్యాక గది వస్తుంది. పిల్ల లేకుండా ఆ గదితో నేనేం చేసుకోను? సోమవారం పంపు.”