రెండు కత్తిరింపులు, ఒక్క కాపు

ద్రాక్ష చలిదేశాల తీగ. చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో లేచి చిగురుతోపాటే పూత తెస్తుంది. మెదక్ చెలకల్లో ఆ చలి ఎక్కడిది? ఇక్కడ తీగ ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది, ఊరికే పాకుతూ పోతుంది, కాయదు. ఈ చిక్కు విప్పింది కత్తెర.

ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని దౌలతాబాద్‌కు మార్చినప్పుడే ద్రాక్ష దక్కనుకు వచ్చిందంటారు. హైదరాబాద్ రాజ్యంలో తోటలు మొదలైంది మాత్రం 20వ శతాబ్దం తొలినాళ్లలో, నిజాం చొరవతో. అందులో అనాబ్-ఎ-షాహీ రకం మన నేలకు బాగా కుదిరింది. పొడవాటి లేత పసుపు కాయలు, లోపల గింజ, విరగకాసే గుణం. మేడ్చల్ చుట్టుపక్కల కూడా ద్రాక్ష పందిళ్లు లేచాయి. ఆ పందిళ్లను మోసింది ఇక్కడి గ్రానైటే: రాతి కడీలు పాతి, పైన ఇనుప తీగలు లాగి కట్టేవాళ్లు.

కత్తెరతో రైతు చేసే పని ఇది. ఏప్రిల్‌లో తీగను పొట్టిగా, ఒకటి రెండు కళ్లు మిగిలేట్టు కత్తిరిస్తాడు. ఎండల్లో కొత్త కొమ్మలు వస్తాయి. ఆ మండే వెలుతురులోనే, బయటికి ఏమీ కనబడకుండా, కళ్ల లోపల రాబోయే గుత్తులు రూపు కడతాయి. వానలు వెనకబట్టాక అక్టోబర్‌లో రెండోసారి, ఈసారి పొడుగ్గా కత్తిరిస్తాడు. దాగిన గుత్తి బయటపడుతుంది. ఎండలు ముదరకముందే, ఫిబ్రవరి, మార్చిల్లో కోత. వానాకాలంలో పూత వస్తే బూజు తెగులు మింగేస్తుంది కాబట్టి ఈ లెక్క మరీ ముఖ్యం. రెండు కత్తిరింపులు, ఒక్క కాపు. లేని చలికాలాన్ని కత్తెరతో పుట్టించడం నా దృష్టిలో చిన్న ఆవిష్కరణ కాదు.

ఇలాంటి మొండి రైతులు అట్లాంటిక్ మధ్యలోనూ ఉన్నారు. కానరీ దీవుల్లోని లాంజరోతెలో 1730 సెప్టెంబర్ 1న నేల పగిలి నిప్పు కక్కింది. అది 1736 దాకా ఆగలేదు. యైసా ఊరి పాదిరీ కుర్బేలో ఆ ఉత్పాతాన్ని రాసిపెట్టాడు. ఊళ్లు, పొలాలు లావా కింద పోయాయి. మిగిలిన చోట నల్లటి బూడిద పరుచుకుంది. ఏడాదికి 150 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని దీవి అది. పంట ముగిసిందనుకోవాలి. కానీ ఆ బూడిదే రాత్రి తేమను పట్టుకుంటుందనీ, కింది మట్టిలోని తడిని ఎండకు పోనివ్వదనీ రైతులు కనిపెట్టారు. ఒక్కో తీగకు ఒక్కో గుంత తవ్వి, వేళ్లు పాతమట్టికి అందేలా నాటారు. గాలి కొట్టకుండా గుంత అంచున అర్ధచంద్రాకారంలో రాళ్లు పేర్చారు. లా హెరియా లోయలో ఇప్పటికీ అలాగే మల్వాసియా ద్రాక్ష పండించి వైన్ తీస్తున్నారు. పక్కనే తిమన్‌ఫాయా కొండల్లో అగ్నిపర్వతపు వేడి మీదే మాంసం కాల్చి పెట్టే హోటల్ కూడా ఉంది.

అక్కడ నీళ్లు లేవు, ఇక్కడ చలి లేదు. మరి మన ద్రాక్షకు వైన్ పేరు ఎందుకు రాలేదు? అనాబ్-ఎ-షాహీ తినడానికి పుట్టింది. కాయ పెద్దది, నీరెక్కువ, తీపి తక్కువ. వైన్‌కు చిన్నకాయ కావాలి, చక్కెర, పులుపు రెండూ గట్టిగా ఉండాలి. పైగా తాటి, ఈత కల్లు ఉన్న ఊళ్లో ద్రాక్షరసం పులియబెట్టే ఓపిక ఎవరికి?

తరువాత మహారాష్ట్ర నుంచి గింజలేని థామ్సన్ వచ్చి బజారు పట్టింది. బూజు మందుల ఖర్చు పెరిగింది, హైదరాబాద్ నగరం మీదికి పాకింది, పందిళ్లు ప్లాట్లయ్యాయి. అయినా రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రం ఇంకా పనిచేస్తోంది. ఎండాకాలం ముందు బండి మీద ఎక్కడైనా అనాబ్-ఎ-షాహీ గుత్తి కనిపిస్తే, గింజ ఉందని పక్కన పెట్టకండి. కొనండి.